చిరాగ్‌పల్లిలో శనివారం సాయంత్రం

హైదరాబాదునుంచి పడమరగా బొంబాయి రోడ్డు పట్టుకొని వెళ్లేవారికి సదాశివపేట దాటిన తరువాత నేల రంగు మారిపోతూ ఉండడం కనిపిస్తుంది. ఒకచోట నల్లరేగడి, ఫర్లాంగు దూరం పోతే ఇటికెపొడి చల్లినట్టు ఎర్రమట్టి. డిసెంబరు నెలలో అయితే చెరకు నరికే రోజులు. కొండంత లోడు వేసుకున్న ట్రాక్టర్లు రోడ్డును సగం ఆక్రమించుకొని నింపాదిగా నడుస్తూ ఉంటాయి. వెనుక వచ్చే బస్సు డ్రైవరు హారను మోగించీ మోగించీ విసిగిపోయి, చివరకు తానూ నింపాదిగానే నడపడం మొదలుపెడతాడు. జహీరాబాదు వస్తుంది. అది దాటితే రెండు ప్రక్కలా కంది, అల్లం, బంగాళాదుంప తోటలు. మరి కొంతదూరం పోతే చిరాగ్‌పల్లి. అంతే, తెలంగాణ అక్కడికి సరి. ఆ ప్రక్కన కర్ణాటకం.

చిరాగ్ అంటే ఉర్దూలో దీపం. దీపం పేరు పెట్టుకున్న ఈ ఊరిని గురించి చాలామందికి తెలిసింది మాత్రం చెక్‌పోస్టు ఒకటే. ఇదే రోడ్డు అటు పూనాకూ, ఇటు మచిలీపట్నానికీ పోతుంది. పూర్వం దీనిని 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 65. సరిహద్దు దగ్గర లారీలు బారులు తీరి నిలబడటం, డ్రైవర్లు కాగితాలు పట్టుకొని పరుగులెత్తడం, ప్రక్కనే టీ బడ్డీలు వెలవడం నా చిన్నతనంలో నిత్యం చూసిన దృశ్యం. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను ఎత్తివేసింది. సరుకులకు ఆ ఆటంకం తీరిపోయింది. మనుషులకు మాత్రం ఇంకా ఎక్కడో ఒకచోట చెక్‌పోస్టులు ఉండనే ఉన్నాయి. నేను చెప్పబోయే కథ దానిని గురించే.

చిరాగ్‌పల్లి మా చిన్నమ్మ మెట్టినిల్లు. ఆమె, మా అమ్మ పుట్టింది హుమ్నాబాదు దగ్గర ఒక పల్లెలో. వాళ్లు పుట్టిననాటికి హుమ్నాబాదూ, జహీరాబాదూ రెండూ హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలోనే ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషలవారీగా పంచినప్పుడు జహీరాబాదు తాలూకాలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదకు జిల్లాలో చేరింది. హుమ్నాబాదు మైసూరు రాష్ట్రంలో ఉండిపోయింది. అక్కచెల్లెళ్ల పుట్టినిల్లు ఒకనాటి తెల్లవారేసరికి పరాయి రాష్ట్రమై కూర్చుంది. పెళ్లి చేసుకొని చిరాగ్‌పల్లి వచ్చిన చిన్నమ్మ ఆ తరువాత ఇల్లు కదలకుండానే 2014లో తెలంగాణ రాష్ట్రానికీ, 2016లో సంగారెడ్డి జిల్లాకూ మారింది. "గీతలు వాళ్లు గీసుకుంటరు బిడ్డా. మనం రొట్టె చేసుడు ఆపుతమా?" అంటుంది ఆమె. ఆమె ఇంట్లో పొద్దున జొన్నరొట్టె, సాయంత్రం అన్నం, పండుగకు గారెలు, సకినాలు. భాష తెలుగే అయినా మధ్యమధ్య కన్నడం, ఉర్దూ పోపు గింజల్లా తగులుతూ ఉంటాయి.

మొన్న క్రిస్మస్ సెలవులకు రెండు రోజులముందు చిన్నమ్మ ఫోను చేసింది.

"బిడ్డా, నువ్వు పెద్ద సదువు సదువుకున్నోనివి. డోనట్టు అంటే ఏందిరా?"

ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నాను. నన్నయ ప్రయోగాల నుంచి నేటి నవలల దాకా ఎవరేమడిగినా కాస్తో కూస్తో జవాబు చెప్పగలిగినవాణ్ణి. ఈ ప్రశ్నకు మాత్రం నీళ్లు నమిలాను. అది అమెరికావాళ్లు తినే తీపి గారె అని చెప్పాను.

"గారెనా? మరి గట్ల చెప్పు. నువ్వు రా. మనమడు అడుగుతుండు. శనివారం సాయంత్రం ఏడున్నరకు గావాల్నంట."

గంట, అరగంటతో సహా చెప్పడం నాకు వింతగా తోచింది. పిల్లవాడి చాదస్తం కాబోలునని ఊరుకున్నాను.

ఆ మనవడి సంగతి కొంచెం చెప్పాలి. వాడు మా తమ్ముడి, అంటే చిన్నమ్మ కుమారుడి, ఒక్కగానొక్క కొడుకు. తొమ్మిదేళ్లవాడు. పుట్టిందీ పెరుగుతున్నదీ అమెరికాలో, డల్లాసు దగ్గర. మూడేళ్ల వయస్సులో తల్లిదండ్రులతో ఒకసారి వచ్చి వెళ్లాడు. తరువాత ఆరేళ్లపాటు తమ్ముడు రాలేకపోయాడు. అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంది కానీ, దేశం దాటి బయటికి వస్తే తిరిగి పోవడానికి పాస్‌పోర్టులో కొత్త ముద్ర కావాలి. అది చేతికి వచ్చేదాకా ఎన్నాళ్లు కాచుకోవాలో తెలియదు. అంతకాలం ఉద్యోగం ఆగదు. పోనీ శాశ్వత నివాసపు కార్డు వస్తే ఈ బాధ తప్పుతుందనుకుంటే, ఏ దేశంవారికైనా ఏడాదిలో నూటికి ఏడుకు మించి ఇవ్వకూడదని వాళ్ల నియమం. మనవాళ్లు లక్షలమంది ఆ వరుసలో ఉన్నారు. చిరాగ్‌పల్లి దగ్గర లారీల వరుస ఎంత పొడుగైనా తెల్లవారేసరికి కదిలేది. ఈ వరుస ఏళ్ల తరబడి కదలదు. చివరకు ఈసారి తమ్ముడి బావమరిది కుటుంబం వస్తూ ఉంటే, కొడుకునైనా తల్లికి చూపాలని వాళ్ల వెంట పంపాడు. మేనమామ పిల్లవాణ్ణి పది రోజులు నానమ్మ దగ్గర ఉంచి వెళ్లాడు.

గురువారం మధ్యాహ్నానికి నేను చేరుకునే వేళకు చిన్నమ్మ వసారాలో తెల్లబట్ట పరిచి సకినాలు చుడుతున్నది. సంక్రాంతికి ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది. కాని మనవడు పండుగదాకా ఉండడు గనుక వాడికోసం ఈ ముందస్తు పండుగ. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, మూడు వేళ్ల మధ్యనుంచి దారంలా జారవిడుస్తూ, మెలి తిప్పుతూ, చుట్టులోపల చుట్టు వేసుకుంటూ పోతుంది ఆమె. డెబ్బై దాటిన చెయ్యి అయినా ఎక్కడా వణకదు. వృత్తలేఖినితో గీసినట్టు వరుసలు.

"నిన్న మొదటి వాయి తీసిన," అన్నది నాతో రహస్యంగా. "పిలగాడు ఉరికొచ్చి, 'నానమ్మా, డోనట్లు చేస్తున్నావా?' అన్నడు. అవి ఎట్లుంటయో నాకేమెరుక! అవును బిడ్డా అన్న. ఒకటి కొరికిండు. ఉప్పుగ తగిలింది. ఏడ్చినా మంచిగుండు. నవ్వి, ప్రక్కన పెట్టి పోయిండు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

నేను సంచిలోనుంచి మైదా, ఈస్టు పొట్లం, వెన్న తీసి పెట్టాను. కుర్చీ లాక్కొని, అలవాటు చొప్పున ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో 'డో' అంటే కలిపిన పిండి. 'నట్' అంటే గింజ. మొదట్లో దానికి చిల్లు లేదు, చిన్న చిన్న ఉండలు మాత్రమే. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే రచయిత న్యూయార్కు చరిత్ర అని ఒక హాస్యగ్రంథం వ్రాస్తూ, అక్కడ స్థిరపడిన డచ్చివాళ్లు తీపి పిండి ఉండలను పంది కొవ్వులో వేయించుకొని తినేవారని చెప్పాడు. పంది కొవ్వు మాట వినగానే చిన్నమ్మ ముక్కు మూసుకుంది. చిల్లు సంగతి వేరు. హాన్సన్ గ్రెగరీ అనే ఓడ కెప్టెను 1847లో తానే మొదట చిల్లు పెట్టానని ముసలితనంలో, 1916లో, ఒక పత్రికవారికి చెప్పుకున్నాడు. అంచులు వేగినా నడిమిభాగం పచ్చిగా ఉండిపోతూ ఉంటే, ఆ నడిమిభాగమే లేకుండా చేస్తే సరిపోతుందని ఆయనకు తోచిందట.

"గింత దానికి ఓడ నడపాల్నా? గారెకు బొక్క ఎందుకు పెడ్తమో ఏ పొల్లనడిగినా చెప్తది," అన్నది చిన్నమ్మ.

ఆమె మాట నవ్వులాటకు అన్నదే అయినా అందులో నిజం లేకపోలేదు. ఇదే రోడ్డున హుమ్నాబాదు దాటి ముందుకు పోతే బసవకల్యాణం వస్తుంది. పూర్వపు కల్యాణి చాళుక్యుల రాజధాని. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణం చెప్పినది ఆ కల్యాణంలో మంత్రిగా ఉన్న బసవేశ్వరుని కథనే. అక్కడినుంచి రాజ్యమేలిన మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతంలో మానసోల్లాసమనే సంస్కృత గ్రంథం కూర్చాడు. అందులో ఏనుగులు, సంగీతం, రాజనీతితోబాటు వంటకాలకూ పెద్దపీట వేశాడు. మినపపిండితో చేసే వటకాలు అందులో ఉన్నాయి. ఇడరిక అనే మాట కూడా ఉంది. మన ఇడ్లీకి పూర్వీకురాలు అదేనంటారు. అయితే అది ఆవిరి మీద ఉడికేది కాదు, నేతిలో వేగేది. అంటే ఇప్పటికి దాదాపు తొమ్మిదివందల ఏళ్లక్రితమే ఈ చుట్టుప్రక్కల పిండి ముద్దలు కాగే నేతిలో ఈదుతూ ఉండేవన్నమాట. పిండి కలపడం, పులియడం, వేయించడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

ఉపన్యాసం బాగానే సాగింది. వంట దగ్గరే నా పాండిత్యం బయటపడింది.

పుస్తకంలో 'వెచ్చని పాలు' అని ఉంది. నేను పొయ్యిమీద పొంగిన పాలు దించి, సెగలు కక్కుతూ ఉండగానే ఈస్టుమీద పోశాను. పిండి కలిపి మూత పెట్టి రెండు గంటలు చూశాను. అది పెరిగింది లేదు, కదిలింది లేదు. పంతానికి పోయి దానినే వత్తి నూనెలో వేశాను. పైన మాడి, లోపల పచ్చిగా, గోడకు కొడితే గోడ పగిలేటంత గట్టిగా వచ్చాయి. పిల్లవాడు ఒకటి పట్టుకొని చూసి, మర్యాదగా, "పెద్దనాన్నా, ఇవి హాకీ ఆడుకోవడానికి బాగుంటాయి," అన్నాడు.

చిన్నమ్మ ఈస్టు పొట్లం తిప్పి తిప్పి చూసింది. ఇదేమిటని అడిగింది. కంటికి కనిపించనంత చిన్న జీవులని, పిండిలోని తీపి తిని గాలి వదులుతాయని, ఆ గాలికే పిండి పొంగుతుందని, ఇడ్లీ పిండిలోనూ అలాంటివే ఉంటాయని చెప్పాను.

"ఇడ్లీ పిండిల కాగిన నీళ్లు పోస్తమారా?" అన్నదామె. "సచ్చి ఊకుంటయి గద!"

అంతే! అరవై డిగ్రీల వేడికి ఈస్టు చచ్చిపోతుందని పుస్తకంలో మరో పుటలో ఉంది. నేను ఆ పుటదాకా పోలేదు. ఆమెకు ఆ పుటతో అవసరం లేకపోయింది.

మరొక చిక్కు కూడా వచ్చింది. పుస్తకంలో కోడిగుడ్డు వెయ్యమని ఉంది. చిన్నమ్మ వంటింటి గడప ఆ వస్తువు ఏనాడూ దాటలేదు. గుడ్డు లేకపోతే మెత్తదనం ఎక్కడినుంచి తేవడం? అప్పుడు నాకు పెరటి అరుగుమీద గోనెసంచి కనిపించింది. ఆ వారమే తవ్విన కొత్త బంగాళాదుంపలు, మట్టి కూడా ఆరలేదు. జహీరాబాదు ప్రాంతంలో వీటి సాగు ఎక్కువ. ఇక్కడివారు వీటిని ఆలుగడ్డలంటారు. ఉడికించిన దుంపను మెదిపి పిండిలో కలిపితే డోనట్ మెత్తగా ఉంటుందని నేను ఎక్కడో చదివాను. దుంపలోని పిండిపదార్థం ఉడికినప్పుడే నీటిని పీల్చుకొని పట్టి ఉంచుతుంది గనుక వేగిన తరువాత కూడా తడి ఆరదు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో పెల్టన్ అనే అన్నదమ్ములు 1940లో ఇలాంటి దుంప డోనట్లకే దుకాణం తెరిచి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఈ మాట చెప్పగానే చిన్నమ్మ ముఖం విప్పారింది. "మన గడ్డనేనా? మరి ఇంతసేపు ఎందుకు చెప్పకపోతివి?" అని లేచి కొంగు బిగించింది.

ఇంట్లో చేసుకోవాలనుకునే సోదరీమణులకోసం శనివారంనాడు మేము చేసిన కొలతలు చెబుతాను. అర కిలో మైదా. ఉడికించి, తొక్క తీసి, ఉండలు లేకుండా మెదిపిన బంగాళాదుంప 200 గ్రాములు. పంచదార 70 గ్రాములు, వెన్న 60 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు, ఒక చిన్న చెంచాడు ఉప్పు, కాస్త జాజికాయ పొడి. పాలు 200 మిల్లీలీటర్లు. అవి ఎంత వేడిగా ఉండాలంటే, చంటిపిల్లకు పోసే నీళ్లలా చేతికి హాయిగా ఉండాలి. దుంప కూడా చల్లారిన తరువాతే కలపాలి. పాలు ఒక్కసారిగా పొయ్యకూడదు. దుంపలోనూ నీరు ఉంటుంది గనుక చూసుకుంటూ పొయ్యాలి. వెన్న చివర వేసి పది, పన్నెండు నిమిషాలు మర్దించాలి. మొదట చేతికి బంకలా అంటుకుంటుంది. భయపడి మైదా చల్లితే మళ్లీ గట్టిపడిపోతుంది. ఓర్పుగా పిసుకుతూ పోతే అదే నున్నబడుతుంది. ఆ ఓర్పు నాకు లేదు, చిన్నమ్మకు ఉంది.

డిసెంబరులో ఆ ఊళ్లో చలి గట్టిగానే ఉంటుంది. పిండి పొంగడానికి వెచ్చదనం కావాలి. చిన్నమ్మ గిన్నెకు మూత పెట్టి, పాత గొంగడి చుట్టి, స్నానాలకు నీళ్లు కాగే కట్టెల పొయ్యికి మూరెడు దూరంలో ఉంచింది. పిల్లవాడు ఐదు నిమిషాలకొకసారి గొంగడి ఎత్తి చూడబోవడం, "పండుకోనియ్యిరా దాన్ని," అని ఆమె వారించడం. గంటన్నరకు మూత తానే లేచింది. పిండి రెండింతలైంది. పిల్లవాడు వేలు పెట్టి నొక్కి, గుంట మెల్లగా పూడుకుంటూ ఉంటే చూసి, "బ్రతికే ఉంది!" అని కేక పెట్టాడు.

పీటమీద అరంగుళం మందాన వత్తింది. స్టీలు గ్లాసు అంచుతో గుండ్రంగా కొయ్యడం, దగ్గుమందు సీసా మూతతో నడుమ చిల్లు పెట్టడం పిల్లవాడి పని. నాలుకను పెదవుల మధ్య పెట్టుకొని, ఎంతో శ్రద్ధగా, ఒక్కొక్క చిల్లూ సరిగా నడిమధ్యన పడేలా కోశాడు. పదిహేను చక్రాలు వచ్చాయి. నడుమ తీసిన ముక్కలను ముద్ద చేసి మళ్లీ వత్తబోయాను నేను. "అవెందుకు చెడగొడతవు? గుల్‌గులలైతయి," అని చిన్నమ్మ అవి వేరే పళ్లెంలో ఉంచింది. ఈ ప్రాంతంలో బెల్లంతో చేసే తీపి ఉండలు అవి. ఇర్వింగుగారు 1809లో వ్రాసినది కూడా ఇంచుమించు వాటిని గురించే!

కోసిన చక్రాలను మరొక ముప్పావుగంట కదపకుండా ఉంచాలి. ఇది చాలామంది ఓపిక పట్టలేని చోటు. ఈ రెండోసారి పొంగకపోతే లోపల పిండిగడ్డలా ఉంటుంది. ఆ తరువాత పల్లినూనె. పుస్తకం 175 నుంచి 180 డిగ్రీల దాకా అంటుంది. చిన్నమ్మ లెక్క వేరు. చిటికెడు పిండి వేస్తే అది మునిగి, మూడు లెక్కపెట్టేలోగా తేలితే సరి. అడుగున కూర్చుంటే వేడి చాలదు, నూనె పీలుస్తుంది. వేసీవెయ్యగానే ఎర్రబడితే వేడి ఎక్కువ, లోపల పచ్చిగా ఉంటుంది. గురువారం నేను చేసిన రెండో తప్పు అదే. ఒక్కొక్క ప్రక్క నిమిషానికి కొంచెం ఎక్కువ. ఒక్కసారే తిప్పాలి. జల్లిగంటెతో తీసి, నూనె ఓడ్చి, వేడి ఉండగానే పొడి చేసిన పంచదారలో దొర్లించాలి.

మొదటిది తీయగానే పిల్లవాడు దాని ప్రక్కభాగం చూపించి ఎగిరాడు. పైనా క్రిందా బంగారు రంగు, మధ్యన చుట్టూరా సన్నని తెల్లగీత. పిండి తేలికగా పొంగి నూనెలో ఎత్తుగా తేలితేనే ఆ గీత ఏర్పడుతుంది. "ఈ గీత ఉంటేనే అసలు డోనట్! నాన్న చెప్పాడు," అన్నాడు వాడు. నానమ్మ ఆ గీతను వేలితో తడిమి చూసింది.

అప్పటికి ఏడుంబావు. ఒకటి తినమంటే పిల్లవాడు తినలేదు. "ఏడున్నర కాలేదు," అన్నాడు. ఫోను తెచ్చి, రుబ్బురోలుకు ఆనించి నిలబెట్టి, దాని ఎదుట పళ్లెం పెట్టుకొని కూర్చున్నాడు. సరిగ్గా ఏడున్నరకు ఫోను మోగింది. అవతల మా తమ్ముడు. ఇంట్లో లేడు. గాజు అద్దాల దుకాణంలో, చిన్న బల్లముందు కూర్చుని ఉన్నాడు. అతని వెనుక చలికోట్లు వేసుకున్న జనం. బల్లమీద కాగితంలో ఒక డోనట్. అవతలి కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడు నాకు లెక్క తెలిసింది. మనకు శనివారం సాయంత్రం ఏడున్నర అయితే చలికాలంలో డల్లాసులో శనివారం ఉదయం ఎనిమిది. వారమంతా ఆఫీసుపనితో తలమునకలై ఉండే తమ్ముడు, ప్రతి శనివారం ఉదయం ఎనిమిదింటికి కొడుకును ఆ దుకాణానికి తీసుకుపోతాడట. ఆ అరగంట ఫోను జేబులోనుంచి తియ్యడట. ఆ దుకాణం నడిపే ముసలి దంపతులు కంబోడియానుంచి వచ్చినవారు. 1975 తరువాత అక్కడి మారణహోమం తప్పించుకొని అమెరికా చేరినవారిలో ఎందరో ఈ డోనట్ల దుకాణాలమీదనే బ్రతుకు నిలబెట్టుకున్నారని అంటారు. అంటే అమ్మేవారూ ఆ దేశంవారు కారు, తినే మావాడూ కాదు. పిల్లవాడికి కావలసింది తీపి కాదు. శనివారం తప్పకూడదు. అంతే.

"నాన్నా, గీత చూడు!" అని వాడు డోనట్‌ను ఫోనుకు దగ్గరగా పట్టాడు. "నానమ్మ చేసింది. నేను చిల్లులు పెట్టాను. పెద్దనాన్న మొదట చంపేశాడు, తరువాత నానమ్మ బ్రతికించింది."

"రెడీయా?" అన్నాడు తమ్ముడు. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ లెక్కపెట్టి, ఒకేసారి కొరికారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నోరు నిండా పెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటూ నమిలారు.

చిన్నమ్మ పొయ్యి ముందునుంచి లేవలేదు. ఫోనుకు కనిపించకుండా ఒదిగి కూర్చుని, ఆ ఖాళీ కుర్చీవైపే చూస్తోంది.

తమ్ముడు అన్నాడు: "అమ్మా, నువ్వు ఎటున్నవే? వెనుక బట్టమీద అవి సకినాలేనా? ఒకటి చూపియ్యవా?"

ఆమె ఒకటి తెచ్చి చూపించింది. అతను చాలాసేపు చూశాడు. "విరువు అమ్మా, చప్పుడు విందాం," అన్నాడు. ఆమె ఫోను దగ్గర పెట్టి విరిచింది. కరకరమన్నది. దుకాణంలో జనం మధ్య కూర్చున్న నలభై ఏళ్ల మనిషి తల వంచుకొని అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

పిల్లవాడు తండ్రినీ, నానమ్మ చేతిలోని విరిగిన సకినాన్నీ మార్చి మార్చి చూశాడు. చెయ్యి చాపి ఒక ముక్క తీసుకున్నాడు. మూడు రోజులక్రితం ప్రక్కన పెట్టిన ఆ ఉప్పు ముక్కనే ఈసారి తండ్రి చూస్తూ ఉండగా నోట్లో వేసుకొని పూర్తిగా తిన్నాడు. వాడికి అది నచ్చిందో లేదో నేను చెప్పలేను. తరువాత మాత్రం, "నాన్నా, నీకు ఒక డబ్బా తెస్తాను," అన్నాడు.

ఆదివారం పొద్దున్న నేను బయలుదేరేసరికి చిన్నమ్మ డబ్బాలో సకినాలు సర్దుతున్నది. విరగకుండా వరుసకొక కాగితం పరుస్తున్నది. విమానంలో ఎన్ని కిలోలు తీసుకుపోనిస్తారని మనవణ్ణి అడుగుతున్నది. దగ్గుమందు సీసా మూత కడిగి, తుడిచి, పోపులపెట్టె ప్రక్కన పెట్టి ఉండటం చూశాను.

బస్సులో కూర్చుని వెనుదిరిగి చూస్తే రోడ్డుమీద లారీలు ఆగకుండా అటూ ఇటూ సాగిపోతున్నాయి.

జనవరి మూడోవారంలో చిన్నమ్మ ఫోను చేసింది. మనవడు క్షేమంగా చేరాడట. సకినాలు రెండే విరిగాయట. ఇప్పుడు శనివారం శనివారం ఏడున్నరకు అటునుంచి ఫోను వస్తున్నదట. అక్కడ వాళ్లిద్దరూ డోనట్లు తింటూ ఉంటే, ఇక్కడ ఆమె కూడా ఏదో ఒకటి చేసుకొని కూర్చుంటున్నదట.

"ఈ శనివారం ఏం చేశావు చిన్నమ్మా?" అని అడిగాను.

"గారెలు చేసిన బిడ్డా," అన్నది. "బొక్క మంచిగ నడిమిట్ల పడ్డదన్నడు పిలగాడు."